ఒక్క పొర చాలంది

వేడి వెండిని నీళ్ళలో వేస్తే చుయ్‌మంటుంది. వేడి గాజును వేస్తే టప్పుమంటుంది. ఈ రెండో సంగతి వెండబ్బాయికి మంగళవారం ఉదయం పదిన్నరకి తెలిసింది. అదీ పరాయివాళ్ళ గదిలో, పరాయివాళ్ళ గాజుతో.

ఆ చప్పుడికి పక్క గదిలో ఫోన్ మాట్లాడుతున్న అమ్మాయి ఫోన్ అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. చిన్నప్పటినుంచీ ఇంట్లో అందరూ ఆమెని పిడుగు అనే పిలుస్తారు. ఎందుకో ఆ పూట వెండబ్బాయికి ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఏం చేశారు?"

"చల్లార్చానండీ."

"చల్లార్చారా?"

"పట్టకారుతో పట్టుకుంటే వేడి తెలిసింది. పక్కనే గిన్నెలో నీళ్ళున్నాయి. మంట తగిలిన వస్తువు ఏదైనా మేం వెంటనే నీళ్ళలో వేస్తాం. చేతికి అదే అలవాటు."

"అది వెండి. మునిగితే స్నానం చేసి లేస్తుంది. ఇది గాజు. మునిగితే చస్తుంది."

అతను గిన్నెలోకి తొంగిచూశాడు. నమూనాకి చేసిన నీలం రంగు లాకెట్ గాజు మూడు ముక్కలై అడుగున పడి ఉంది. "మీరు ఇక్కడ ఒక బోర్డు పెట్టాల్సిందండీ" అన్నాడు మెల్లిగా.

"ఏమని పెట్టను? వచ్చినవాళ్ళు దయచేసి మా వస్తువుల్ని నీళ్ళలో పారెయ్యకండి అనా?"

అతనికి నవ్వొచ్చింది. తప్పు చేసినవాడు నవ్వకూడదని తెలిసి ఆపుకోబోయాడు కానీ, ఆ ఆపుకోవడం నవ్వుకన్నా అందంగా ఉంది. పిడుగుకి ఇంకా ఒళ్ళు మండింది.

"సరేలే, అతన్ని తర్వాత తిడుదువుగాని" అని లోపలి కుర్చీలోంచి అత్త గొంతు వినిపించింది. "అంత వేడి మీద దాన్ని కొలిమిలోంచి బయటికి తీసిందెవరే?"

పిడుగు నాలుక కరుచుకుంది.

ఆ పనిగది పిడుగు మేనత్తది. ఓ మూల కరెంటు కొలిమి ఉంటుంది. నడుమెత్తు పెట్టె, పైన బరువైన మూత, ముందువైపు అంకెలు చూపించే చిన్న తెర. రంగు గాజు పలకల్ని ముక్కలుగా కోసి, ఒకదానిమీద ఒకటి పేర్చి, దాంట్లో పెట్టి ఎనిమిది వందల డిగ్రీల దాకా కాలిస్తే అన్నీ కలిసి ఒకటే ముక్కవుతాయి. అత్త ఇరవై ఏళ్ళు ఆ పని చేసింది. ఇప్పుడు మణికట్లు మొరాయిస్తున్నాయి. కుండలు చేసే మాస్టారు ఒకాయన ఆ కొలిమి తనకిచ్చెయ్యమని రెండేళ్ళుగా తిరుగుతున్నాడు.

పిడుగుకి లోకంలో ఏం కావాలని అడిగితే ఆ కొలిమి అని చెబుతుంది. మూడేళ్ళుగా అత్త దగ్గర పని నేర్చుకుంటోంది. చెయ్యి మంచిదే, కన్ను ఇంకా మంచిది, లేనిదల్లా ఓపిక. లోపల ఎలా వచ్చిందో చూద్దామని పూర్తిగా చల్లారకముందే మూతెత్తి, రెండుసార్లు రెండు పళ్ళేల సరుకు పగలగొట్టింది. అందుకే అత్త ఈసారి తేల్చి చెప్పేసింది. పాటల టీచర్ గారి బృందానికి ఇరవై నాలుగు లాకెట్లు కావాలి. శనివారం పదింటికి ఆవిడ వస్తుంది. ఇరవై నాలుగూ ఆవిడ చేతిలో పెడితే కొలిమి పిడుగుది. పెట్టలేకపోతే పన్నెండింటికి మాస్టారు వ్యాను తెచ్చుకుంటాడు.

లాకెట్లకి వెండి చట్రాలు చెయ్యాల్సినవాడే ఈ నీళ్ళ మనిషి. వీధి చివర వెండి దుకాణం పెద్దాయన కొడుకు.

"కొలతలు చెప్పండి" అన్నాడతను, ముక్కల గోల ముగిశాక. జేబులోంచి చిన్న పుస్తకం, చెవి మీంచి పెన్సిల్ తీశాడు.

"నలుచదరం. ఇరవై నాలుగు మిల్లీమీటర్లు. రెండు పొరలు."

"రెండు పొరలంటే మందం ఎంతవుతుంది?"

"ఆరు."

"అంత లావైతే మెడలో డబ్బా వేలాడినట్టుంటుందండీ. పాడేవాళ్ళు ఊపిరి తీసుకోవద్దా?" అతను బల్ల మీదున్న నీలం గాజు పలకని ఎత్తి కిటికీ వెలుగులో కంటికి అడ్డంగా పెట్టుకున్నాడు. దాంట్లోంచే ఆమె వైపు తిరిగాడు. మొహమంతా నీలంగా, కళ్ళు ఇంకాస్త ముదురు నీలంగా కనిపించాయి. "ఇంత బాగుంది కదా. ఒక్క పొర చాలదా?"

ఇక్కడ పిడుగు చెప్పాల్సిన మాట ఒకటుంది. మూడేళ్ళుగా అత్త రోజూ చెప్పేదే. కరిగిన గాజు ఎప్పుడూ ఆరు మిల్లీమీటర్ల మందానికి సర్దుకోవాలని చూస్తుంది. మూడు పొరలు పేరిస్తే పక్కలకి పాకుతుంది. రెండైతే పెట్టినంతే ఉంటుంది. ఒక్కటే పెడితే, మందం కోసం తన అంచుల్ని తనే లోపలికి లాక్కుని చిక్కిపోతుంది. నిద్రలో లేపి అడిగినా ఆమె ఈ మాట చెప్పగలదు.

"చాలు" అంది పిడుగు.

బుధవారం మధ్యాహ్నం ఆమె బుద్ధిగా, తెర మీద నలభై కనిపించేదాకా ఆగి మూతెత్తింది. ఒక్కటీ పగల్లేదు. కానీ ఒక్కటీ నలుచదరంగా లేదు. నాలుగు వైపులా నడుములు లోపలికి పీక్కుపోయి, మూలలు మాత్రం మిగిలి, ఇరవై నాలుగు ముక్కలూ కుక్క కొరికి వదిలేసిన ఎముకల్లా ఉన్నాయి.

సరిగ్గా అప్పుడే వెండబ్బాయి ఒక రేకు డబ్బా పట్టుకుని ఈల వేసుకుంటూ వచ్చాడు. డబ్బా నిండా చట్రాలు. ఇరవై నాలుగు మిల్లీమీటర్లంటే ఇరవై నాలుగే, వెంట్రుక తేడా లేదు. ఒక ముక్క తీసి చట్రంలో వేశాడు. అది మునివేలంత సందు వదిలి గలగలలాడింది. ఈల ఆగిపోయింది.

అత్త వచ్చి చూసింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూసింది. "రెండు పొరలు వెయ్యమని నేర్పానా లేదా?"

"నేర్పావు."

"మరి ఒకటే ఎందుకు వేశావు?"

పిడుగు ఒకసారి వెండబ్బాయి వైపు చూసింది, ఒకసారి నేల వైపు చూసింది. నేల చూడటమే సుఖమనిపించింది.

"నేనే అడిగానండీ ఒకటి చాలు కదా అని" అన్నాడు వెండబ్బాయి.

"నువ్వు అడుగుతావు నాయనా, నీకేం తెలుసు? దీనికి తెలుసు కదా." అత్త ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ తిడితే బాగుండేది.

ఒక్క పొర చాలు కదా అని మిగిలిన నీలం గాజుని పిడుగు మంగళవారమే కంపెనీకి పార్సిల్లో వాపసు పంపేసింది; మళ్ళీ రావాలంటే వారం పడుతుంది. పిడుగు స్టూలు మీద కూలబడింది. కొలిమి పోయింది. మూడేళ్ళు పోయాయి. ఒక్క చూపుకి పోయాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి అతను చూడకూడదని కొలిమి వైపు తిరిగి కూర్చుంది.

వెండబ్బాయి వెళ్ళిపోలేదు. చట్రంలో ఉన్న ఎముకని అటూ ఇటూ జరుపుతూ నిలబడ్డాడు. "ఈ సందులు ఏదైనా పోసి నింపలేమా? మేమైతే టంకం వేసేస్తాం."

"గాజుకి టంకం ఉండదు."

"గాజే పోస్తే?"

"నీలం ఇంక లేదు. వాపసు పంపేశాను."

"నీలమే కావాలా? ఆ అలమరలో రంగులేనిది బోలెడుంది."

పిడుగు చటుక్కున ఇటు తిరిగింది. కళ్ళు తుడుచుకోవడం కూడా మర్చిపోయింది. "రంగులేనిది ఇరవై నాలుగు చదరం కోసి కింద పెట్టి, దాని మీద ఇది పెడితే... మూడూ మూడూ ఆరు. కదలదు. మధ్యలో నీలం, చుట్టూ నీళ్ళలా తేట అంచు. అంచులోంచి మీ వెండి కనిపిస్తుంది." అంతలోనే మొహం మాడిపోయింది. "కానీ మీ చట్రం గోడలు ఒక్క పొరకి చేసినవి. చాలవు."

"చాలుతాయి. ఎత్తు ఎప్పుడూ రెండింతలు వదిలి, తర్వాత అరగదియ్యమంటాడు మా నాన్న. ఇంకా అరగదియ్యలేదు." అతను పెన్సిల్ చెవి మీంచి తీసి మళ్ళీ అక్కడే పెట్టుకున్నాడు. "ఆ రంగులేనిది దీంతో కలుస్తుందా మరి?"

"రెండూ ఒకే కంపెనీవి, ఒకే రకం. కలుస్తాయి. రకం తేడా అయితే అతుక్కున్నట్టే అతుక్కుని, తర్వాత ఎప్పుడో పగుళ్ళిస్తాయి." పిడుగు లేచి నిలబడింది. "రేపు పొద్దున్నే రాగలరా?"

"ఇప్పుడే వెళ్ళమంటున్నారా?" అన్నాడతను.

గురువారం ఉదయం గాజు కొయ్యడం నేర్పింది. ఇరవై నాలుగు చదరాలు ఒక్కతే కొయ్యడానికి టైము లేదు, అదీ కారణం. వేరే కారణం ఉందని ఎవరైనా అంటే వాళ్ళ నోరు వాళ్ళిష్టం.

"గాజు కోసే ఈ చిన్న చక్రానికి ఒక చుక్క నూనె. స్కేలు ఆనించి ఈ చివరినుంచి ఆ చివరికి ఒకే ఒత్తిడి. ఒక్కసారే గియ్యాలి. గీత మీద మళ్ళీ గీత గీశారంటే పక్కకి పగులుతుంది."

"సరిగ్గా పడిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"వినండి. సన్నగా, బట్ట చింపినట్టు వస్తే సరిగ్గా పడినట్టు."

అతను గీశాడు. సన్నగా వచ్చింది. రెండు బొటనవేళ్ళతో గీతకి అటూ ఇటూ పట్టుకుని విరిచాడు. టిక్కుమని విరిగింది. మొదటి ముక్కకే అంత తిన్నగా విరిచినవాళ్ళని ఆమె చూడలేదు. మెచ్చుకోవాల్సి వస్తుందేమోనని గబగబా కళ్ళద్దాలు చేతికిచ్చింది. "ఇవి పెట్టుకోండి. ముక్క కంట్లోకి ఎగిరితే మీ నాన్నగారికి నేను సమాధానం చెప్పలేను."

"గోడ గడియారంలా ఉన్నానా?" అన్నాడు పెట్టుకుని.

"గడియారం టైముకి పనిచేస్తుంది. కొయ్యండి."

ముక్కలన్నీ స్పిరిట్‌తో తుడిచారు. వేలిముద్ర ఒక్కటి ఉన్నా కాలాక మరకై కూర్చుంటుంది కాబట్టి అంచులు పట్టుకునే పేర్చారు. ఎముకల్లాంటి ముక్కలు అంచులు లావెక్కి, నడుమ ఒకవైపు గుంటపడ్డాయి. ఆ గుంట పైకి ఉండేలా పెట్టింది పిడుగు. కిందికుంటే గాలి ఇరుక్కుని బుడగ వస్తుంది. కొలిమిలో అడుగున ఉండే పలక మీద తెల్లపూత పూసి ముందే ఆరబెట్టింది, లేకపోతే గాజు దానికే అతుక్కుంటుంది. ఆఖరి ముక్క పెట్టేటప్పుడు ఇద్దరి చేతులూ ఒకేసారి వెళ్ళి తగిలాయి. ఇద్దరూ ఒకేసారి వెనక్కి తీసుకున్నారు. ఆ ముక్క కాసేపు ఎవరూ పట్టించుకోకుండా బల్ల మీదే ఉండిపోయింది.

"ఈసారి ఎక్కేటప్పుడు మెల్లిగా ఎక్కిస్తాను. ఆరు వందల డెబ్భైలో అరగంట ఆపితే మధ్యలో గాలంతా పోతుంది. తర్వాత ఎనిమిది వందలు. దిగేటప్పుడు ఐదు వందల పదిహేనులో గంటన్నర. అక్కడ ఆపకపోతే లోపలి బిగువు పోదు, ఎప్పుడో ఒకప్పుడు పగులుతుంది" అని అంకెలు నొక్కుతూ చెప్పింది.

"అంతా అయ్యేసరికి?"

"రేపు మధ్యాహ్నం."

"అరనిమిషంలో ఎర్రగా కాల్చి అరనిమిషంలో చల్లార్చే పనండీ మాది. మీరు ఎలా వేగుతున్నారు దీంతో?"

"వేగలేకపోతున్నాను" అని నిజం ఒప్పుకుంది పిడుగు.

శుక్రవారం పొద్దున వెండబ్బాయి వచ్చేసరికే వాన మొదలైంది. చిన్నా చితకా వాన కాదు, ఎదురింటి గోడ కనిపించని వాన. తెర మీద 238 అని ఉంది. అత్త మణికట్టు చూపించుకోడానికి డాక్టరు దగ్గరికి బయల్దేరుతూ గుమ్మంలో ఆగింది. "మూత ముట్టుకున్నారంటే మీ ఇద్దరి చేతులకీ కట్లు నేనే కడతాను" అని చెప్పి గొడుగు విప్పింది.

ఆవిడ మలుపు తిరిగిందో లేదో కరెంటు పోయింది. తెర నల్లబడింది.

"ఇప్పుడేమవుతుంది?" అన్నాడు వెండబ్బాయి.

"ఏమీ కాదు. మూత మూసే ఉంది, దానంతటదే చల్లారుతుంది. ఎంతకి దిగిందో మనకి తెలియదు, అంతే."

"నాకు ఒక్కో లాకెట్‌కి పావుగంట పడుతుంది. ఇరవై నాలుగంటే ఆరు గంటలు. చీకటి పడితే అంచు కనిపించదు. పన్నెండుకైనా మొదలుపెట్టాలి."

ఇద్దరూ కొలిమి వైపు చూశారు. మూత కాస్త ఎత్తి చూడటానికి ఒక చెయ్యి చాలు. పిడుగు రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చుంది. చూసి చూసి వెండబ్బాయి కూడా ఇంకో స్టూలు లాక్కుని అలాగే కూర్చున్నాడు. బయట వాన, లోపల చేతుల్లేని ఇద్దరు మనుషులు. అలా గంటన్నర గడిచింది.

"ఒకటి అడగనా?"

"మూత గురించి కాకపోతే అడగండి."

"ఒక్క పొర చాలదని మీకు తెలుసు. మీ అత్తగారు అడిగితే నోరు విప్పలేదు. రెండు రోజులుగా నాకూ అదే ఆలోచన. ఎందుకు చాలన్నారు?"

పిడుగు ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. తలనొప్పిగా ఉందనొచ్చు, ఫోన్ ధ్యాసలో ఉన్నాననొచ్చు. కానీ ఈ మనిషి ముందు అబద్ధం చెప్పాలనిపించలేదు. వానవైపు చూస్తూ ఒక్క ఊపులో అనేసింది.

"మీరు ఆ గాజులోంచి నన్ను చూశారు. ఆ నిమిషంలో మీరు కొలిమిని కిటికీలోంచి బయటికి తోసేద్దామా అన్నా సరేనండీ అనేదాన్ని. నాకు మీరంటే ఇష్టం. అదీ కారణం. ఇక నవ్వుకోండి."

అతను నవ్వలేదు. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు. అప్పుడే కరెంటు వచ్చింది. తెర మిణుకుమిణుకుమని 121 చూపించింది.

"దిగుతోంది" అంటూ పిడుగు లేచి నిలబడింది. మొహం కొలిమికన్నా వేడిగా ఉంది. అతను నోరు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు.

తెర నలభైకి వచ్చేసరికి పన్నెండుకి ఐదు నిమిషాలు. మూతెత్తారు. ఇరవై నాలుగు చదరాలు, మూలలు మెత్తగా గుండ్రబడి, పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. మధ్యలో నడుము చిక్కిన నీలం, చుట్టూ తేట అంచు. కావాలని గీసినా ఆ నీలానికి అంత అందమైన వంపు రాదు. పిడుగు ఒకదాన్ని వేళ్ళతో ఎత్తి వెలుగుకి పట్టింది. "చూశారా, చూశారా" అంటూ అతని మోచెయ్యి పట్టుకుని ఊపేసింది.

అతను తల మాత్రం ఊపాడు. చట్రాల డబ్బా తెరిచి కిటికీ పక్కన పనికి కూర్చున్నాడు.

మాట లేదు. టీ తాగుతారా అంటే తల అడ్డంగా ఊపాడు. లైటు దగ్గరికి జరపనా అంటే నిలువుగా ఊపాడు. చట్రం గోడల్ని కొలతకి అరగదీసి, గాజుని దాంట్లో దించి, మొన మొద్దుగా ఉన్న ఉక్కు పనిముట్టుతో అంచుని కొద్దికొద్దిగా గాజు మీదికి ఒత్తుతున్నాడు. ఒకవైపు కాస్త, ఎదురువైపు కాస్త. ఒక్క వైపే గట్టిగా ఒత్తితే గాజు పెచ్చు లేస్తుంది. టంకం పనంతా ముందే అయిపోవాలి, గాజు కూర్చున్నాక మంట దగ్గరికి రాకూడదు. ఆ మాటలు ఎప్పుడో అతనే చెప్పాడు. ఇప్పుడు వాటిని కూడా చెప్పడం లేదు.

అతనికి ఇష్టం లేదు, అనుకుంది పిడుగు. ఇష్టం ఉన్నవాడు ఆరు గంటల్లో ఒక్క మాటైనా అనడా? లేదని చెప్పడానికి మొహమాటం, పాపం మర్యాదస్తుడు. ఆరింటికి ఇరవై నాలుగో లాకెట్ పూర్తిచేసి, "వస్తానండీ" అని రెండు చేతులూ జేబుల్లో దోపుకుని గబగబా వెళ్ళిపోయాడు. ఆమెకి మిగిలిన ఆ చివరి అనుమానం కూడా తీరిపోయింది.

శనివారం పదింటికి పాటల టీచర్ వచ్చింది. ఒకటి మెడలో వేసుకుని అద్దంలో చూసుకుని, "నేనడిగినట్టే చేసినా ఇంత బాగుండేది కాదమ్మా" అంది. ఇరవై నాలుగూ లెక్కపెట్టి పట్టుకెళ్ళింది.

పన్నెండింటికి, సంగతింకా తెలియని మాస్టారి వ్యాను గుమ్మం ముందు ఆగింది. దాని వెనకాలే నడుచుకుంటూ వెండబ్బాయి.

"కొలిమి దించుకోనా మరి?" అన్నాడు మాస్టారు చేతులు దులుపుకుంటూ.

"అది నాది కాదు మాస్టారూ. మా కోడలుపిల్లది. ఇస్తుందేమో దాన్నే అడగండి" అంది అత్త.

మూడేళ్ళుగా ఎదురుచూసిన మాట. పిడుగు దాన్ని చెవులారా వింది. "ఇవ్వనండీ" అంది. ఆ గొంతు వింటే ఎవరో కొలిమిని పట్టుకుపోయారనుకుంటారు. మాస్టారు నిట్టూర్చి వ్యాను తిప్పుకోవడానికి బయటికెళ్ళాడు.

"మీరెందుకొచ్చారు? పని అయిపోయిందిగా" అంది వెండబ్బాయితో.

"నిన్న మాట్లాడలేదని కోపమా?"

"కాదు."

"అవును" అంది అత్త.

అతను గుమ్మంలోనే నిలబడి, ఒకసారి అత్త వైపు చూసి, ఇక దాచేదేముందన్నట్టు మొదలుపెట్టాడు. "అంచు ఒత్తేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టాలంటాడు మా నాన్న. మీరు ఆ మాట చెప్పాక నా చెయ్యి ఆగలేదండీ. వణుకే వణుకు. నోరు తెరిచి నాకూ మీరంటే ఇష్టమని ఒక్క మాట అంటే, ఆ చేత్తో ఒక్క గాజు కూడా మిగిలేది కాదు. పగిలితే మీ కొలిమి పోతుంది. అందుకని ఆరు గంటలు పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఇరవై నాలుగు సార్లు చెప్పబోయి ఇరవై నాలుగు సార్లు మింగాను."

పిడుగు ఒక అడుగు ముందుకేసింది. "ఆరింటికి చెప్పొచ్చుగా?"

"ఆరింటికి పరుగెత్తుకెళ్ళి నాన్నకి చెప్పాను. గాజు పని చేసే పిల్లా, సున్నితంగా ఉంటుందేమోరా అన్నాడు. ఎనిమిది వందల డిగ్రీలతో కాపురం చేస్తోంది నాన్నా అన్నాను. అయితే రేపు సాయంత్రం వాళ్ళింటికి నేనే వస్తానన్నాడు."

"అందరికీ చెప్పావు" అంది అత్త. "దాన్ని అడిగావా?"

"అడగడానికే వచ్చానండీ." అతను జేబులోంచి కుడిచెయ్యి తీసి చాపాడు. వేళ్ళు నిజంగానే వణుకుతున్నాయి. "చూడండి. ఇవాళ వణికినా పరవాలేదు. ఇవాళ ఎంతైనా మాట్లాడొచ్చు."

"మాట్లాడండి మరి" అంది పిడుగు. అంటూనే, అతను మాట్లాడేదాకా ఆగలేక, ఆ చెయ్యిని తన రెండు చేతులతో గట్టిగా పట్టేసుకుంది.

బయట మాస్టారు వ్యానుని వెనక్కి ముందుకి తిప్పుతూ అవస్థపడుతున్నాడు. దారి చూపించి వస్తానంటూ అత్త గుమ్మం దాటి, వెనకాల తలుపు దగ్గరగా వేసింది.